పుర్రచేతి గొడ్డలి

మా బాపు రాళ్ళతో కత్తులు చేస్తాడు. ఈ మాట చెప్పగానే ఎవరైనా ముందు నవ్వుతారు, ఆ తర్వాత "రాయి మీద కత్తులు నూరుతడా?" అని అడుగుతారు. నూరడం కాదు, రాయినే కత్తిగా చేస్తాడు. ఇనుమంటే ఏమిటో తెలియని రోజుల్లో మనుషులు ఎట్లా చేసుకున్నారో అట్లాగే, ఒక గుండ్రాయితో ఇంకో రాయి అంచు మీద కొట్టి, పెచ్చులు లేపి, కోసేవి, గీకేవి, నరికేవి తయారు చేస్తాడు. ఇబ్రహీంపట్నంలో బస్సు డిపో వెనకాల మా ఇల్లు. పెరట్లో రేకుల కింద కూర్చుని ఆయన టకటకా కొడుతుంటే, చుట్టుపక్కల కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు మాది రోళ్ళు చేసే ఇల్లనుకుని పచ్చడి రోలు ఉందా అని అడగడానికి వచ్చేవారు. బాపు వాళ్ళను గేటు దగ్గరే తిట్టి పంపేవాడు.

ఆయన జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. చదువుకునే రోజుల్లో కృష్ణ ఒడ్డున తవ్వకాలు చేసేవాళ్ళ దగ్గర ఎండాకాలం సెలవులకు గంపలు మోశాడట. ఆ గుంపులో ఒకాయనకు రాయి కొట్టడం వచ్చు. ఆయన్ను చూసి నేర్చుకున్నది ఇప్పటిదాకా మానలేదు. మా దగ్గర ఎక్కడ చూసినా ఉండే గ్రానైటు ఈ పనికి రాదు, అది పెచ్చుగా లేవదు, పొడిపొడిగా రాలుతుంది. అందుకని సాగర్ దిక్కు పోయి ఏటి రాళ్ళు సిమెంటు సంచుల్లో నింపుకుని బస్సులో వేసుకొచ్చేవాడు. ఆ సంచుల కోసం కండక్టర్లతో పడిన కొట్లాటలను ఆయన తన పాఠాలకంటే బాగా చెప్పేవాడు.

అమ్మకు రాళ్ళంటే పగ. బట్టలారేయడానికి పెరట్లోకి పోతే చాలు, పాదంలో పెచ్చు దిగేది. గడప మీద కూర్చుని పిన్నీసుతో తీసుకుంటూ, "ఈనె నన్ను గీ రాళ్ళల్లనే బొంద పెడ్తడు," అనేది. బాపు వినీ విననట్టు ఉండేవాడు. చెప్పులేసుకుని నడవమని మాత్రం అనేవాడు.

నేను ఈ పనిలోకి కోరి రాలేదు. పెళ్ళి చేసుకున్నాను, కుదరలేదు, తిరిగొచ్చేశాను. సూట్‌కేసు వరండాలో దించిన రోజు బాపు ఎందుకొచ్చావని అడగలేదు. అమ్మ ఏడుస్తూ నన్ను పట్టుకుని కూర్చుంటే, ఆయన లోపలికి పోయి ఒక గుండ్రాయి, పగిలిన బీరు సీసా అడుగు తెచ్చి నా ముందు పెట్టాడు. "ఏడ్చుకుంట కూసుంటె ఏమొస్తది? గిది కొట్టు," అన్నాడు. గాజు కూడా మంచి రాయిలాగే పెచ్చు లేస్తుంది, కొత్తవాళ్ళు దాని మీదే చెయ్యి తిప్పుకుంటారు. చెరువు కట్ట మీద సీసాలు ఎన్ని కావాలంటే అన్ని. నా మొత్తం బతుకులో ఆయన నా మీద చూపిన దయ అదొక్కటే. దాన్ని కూడా ఎక్కువ రోజులు ఉంచుకోలేదు.

నేను ఏం చేసినా చేతిలోకి తీసుకునేవాడు. బొటనవేలితో అంచు పొడవునా తడిమేవాడు. "చెత్త," అని పెరట్లో పనికిరాని రాళ్ళ కుప్పలోకి విసిరేవాడు. చూడడానికి ఆయనకు ఊపిరి పీల్చి వదిలినంత సేపు కూడా పట్టేది కాదు. పెచ్చు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా సాగాలి. మధ్యలో విరిగిపోతే రాయి మీద గట్టులాగా మిగిలిపోతుంది. దాన్ని ఆయన మెట్టు అంటాడు. నా రాళ్ళ నిండా మెట్లే. ఇంటికి చుట్టాలొస్తే ఒకదాన్ని కుప్పలోంచి ఏరి తెచ్చి చూపించేవాడు. "మా బిడ్డ మెట్లు కడ్తది. మీరు మేడ వేస్తె చెప్పుండ్రి, పంపిస్త," అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఒక మేనత్తయితే నవ్వి నవ్వి, కాపురం కూడా గట్లనే నడుమ ఇరగ్గొట్టుకున్నదని అంది. బాపు ఆమెను ఏమీ అనలేదు. ఆ మాట ఆయనకు నచ్చినట్టే కనబడింది, ఎందుకంటే తర్వాత రెండు మూడు సార్లు తనే వాడుకున్నాడు.

నిజానికి నా చేతిలో లోపం లేదు. లోపమల్లా ఆయన నాకు ఏ చెయ్యి వాడనిచ్చాడన్న దాంట్లో ఉంది. నేను పుర్రచేతిదాన్ని. చిన్నప్పుడు ఎడమచేత్తో బలపం పట్టుకుంటే స్కేలుతో కణుపుల మీద కొట్టేవాడు. అన్నం దగ్గర ఆ చెయ్యి లేస్తుందని దస్తీతో నడుముకు కట్టేసేవాడు. దాంతో రాయడం, తినడం కుడిచేతికి వచ్చాయి. కానీ నేను ల్యాబులో నెత్తురు తీసే పని చేస్తాను, అక్కడ సూది ఎడమచేత్తోనే పడతాను, ఎందుకంటే అక్కడ బాపు లేడు. షుగర్ టెస్టుకు వచ్చే ముసలివాళ్ళు నేను ఉన్న రోజు అడిగి మరీ వస్తారు. ఇంట్లో రాయి పట్టుకుంటే మాత్రం కుడిచేత్తోనే కొట్టాలి. నా కుడిచెయ్యి కూలికొచ్చిన మనిషిలాంటిది. చెప్పిన పని చేస్తుంది, మనసు పెట్టదు.

"పుర్రచేత్తోని కొడ్తె దెబ్బ అడ్డం బడ్తది. అది రాయికి అవమానం," అనేవాడు బాపు. రాయికి అవమానం జరుగుతుందని బాధపడే మనిషిని నేను ఆయన్ను తప్ప ఇంకొకర్ని చూడలేదు.

ఇక్కడ గుర్తు సంగతి చెప్పాలి. ఈ కాలంలో రాతి పనిముట్లు చేసేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. చేసినదాని అడుగున తమ గుర్తు గీయాలి. లేకపోతే రేపెప్పుడో ఎవరో దాన్ని ఏరి, వేల ఏళ్ళ కిందటిదనుకుని మోసపోతారు. బాపు దీంట్లో మహా పట్టుదల మనిషి. టైల్స్ మీద గీత గీసే పెన్నుతో తన అక్షరం, ఆ సంవత్సరం చెక్కిగానీ దేన్నీ షెడ్డు దాటనిచ్చేవాడు కాదు. రాలిన పెచ్చుల్ని కూడా గుంట తీసి పూడ్చి, అడుగున ఆ ఏటి రూపాయి బిళ్ళ వేసేవాడు, ముందు ముందు తవ్వేవాళ్ళకు తెలియాలని. గుర్తు పెట్టనివాళ్ళను దొంగలనేవాడు.

నా రాళ్ళకు మాత్రం ఆ మర్యాద లేదు. ఆయన బాగుందన్నదానికే గుర్తు. ఆయన ఒక్కటీ బాగుందనలేదు. కాబట్టి ఏళ్ళ తరబడి రాయి కొట్టిన నాకు, నా అక్షరం గీసిన రాయి ఒక్కటి కూడా లేదు. ఆ పెన్ను అడిగితే, "చెత్తకు దస్తఖత్ ఎందుకు?" అనేవాడు. మరి ఎవరైనా చూసి పాతవనుకుంటే, అని ఒకసారి అడిగాను. "నీదాన్ని చూసి ఎవడు మోసపోతడు? గుడ్డోడు సుత మోసపోడు," అన్నాడు. నా కుప్ప నిండినప్పుడల్లా సంచిలో ఎత్తి, స్కూటర్ మీద పెట్టుకుని పోయి, చెరువులో గుమ్మరించి వచ్చేవాడు. అప్పుడు మా పెద్దచెరువు ఎండిపోయి తుమ్మచెట్లతో ఉండేది. అందరి చెత్తా అక్కడే పడేది.

సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు ఆ గుర్తు కావాలి. ఎంత కావాలంటే, డ్యూటీలో నెత్తురు సీసాల మీద పేర్లు రాస్తూ ఏదో ఒక రోజు నా అక్షరం రాయి మీద ఎట్లా గీయాలో ఆలోచించేదాన్ని. ముప్పై దాటిన ఆడదానికి ఇదేం కోరికని అమ్మ అనేది. నిజమే, చిన్నపిల్ల కోరికే. చిన్నప్పుడు తీరితే పెద్దయ్యాక ఉండేది కాదు.

ఒకసారి బాపు రావిర్యాలలో చుట్టాల పెళ్ళికి పోయాడు. రాత్రికి అక్కడే ఉంటానన్నాడు. నేను సెలవు పెట్టి షెడ్డులో కూర్చున్నాను. ఆయన సంచిలోంచి ఒక కాఫీ రంగు రాయి తీశాను, దాని మీద ఏటవాలుగా తెల్ల గీత ఉంది. తట్టి చూస్తే ఖంగున మోగింది, అంటే లోపల పగుళ్ళు లేవు. ఒక్క దెబ్బకు రెండు ముక్కలైంది. ఒక ముక్కను అమ్మ తీసుకుపోయి నీళ్ళ డ్రమ్ము మూత మీద బరువు పెట్టుకుంది, కోతులు మూత తీసేస్తున్నాయని. రెండో ముక్కను నేను కుడి తొడ మీద, పాత ట్యూబు ముక్క పరిచి పెట్టుకున్నాను. గుండ్రాయి ఎడమచేతికి తీసుకున్నాను.

కొట్టాను. పెచ్చు లేచి నా కుడి అరచేతిలో పడింది, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, ఒక్క మెట్టు లేకుండా. నాకు నవ్వొచ్చింది. అంచును గరుకు రాయితో రుద్దడం, కొట్టడం, తిప్పడం, మళ్ళీ రుద్దడం. చెయ్యి ముందు పోతుంటే నేను వెనకాల పోయాను. అమ్మ అన్నానికి పిలిస్తే వినబడలేదు. సాయంత్రానికి నా చేతిలో పిడి లేకుండా చేత్తోనే పట్టుకుని నరికే, అరచెయ్యంత చేతిగొడ్డలి ఉంది. మొన తేరి, రెండు అంచులూ చక్కగా సాగి, తెల్ల గీత ఈ పక్క నుంచి ఆ పక్కకు దిగింది. మొదలు దగ్గర, చేత్తో పట్టుకునే చోట, పట్టు కోసం కొంచెం మందం ఉంచాను. దాన్ని దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను.

తెల్లారి బాపు పెళ్ళి భోజనం కడుపుబ్బరంతో వచ్చాడు. చెప్పులు కూడా విప్పకముందే ఇచ్చాను. తీసుకున్నాడు, బొటనవేలు నడిపించాడు, దెబ్బల వాలు చూశాడు. మొహం మారిపోయింది.

"పుర్రచేత్తోని కొట్టినవ్."

"అవ్ బాపు. ఎట్లున్నదో చూడు ముందు."

"చూసేదేమున్నది? మొదట్ల మందం ఉన్నది. చెత్త," అని కుప్పలోకి విసిరాడు.

ఆ వారమే సంచి నింపి చెరువులో గుమ్మరించి వచ్చాడు. నేను ఆపలేదు. ఆ తర్వాత రాయి ముట్టుకోలేదు. ఆయన ఎందుకు మానేశావని అడగలేదు. అడుగుతాడని నేను కొన్నాళ్ళు ఎదురుచూశాననే సంగతి చెప్పుకోవడానికి నాకిప్పటికీ కోపంగా ఉంది.

తర్వాత వానలు దంచి కొట్టి, ఎన్నో ఏళ్ళకు చెరువు నిండింది. ఊరు ఊరంతా తిరునాళ్ళకు పోయినట్టు చూడ్డానికి పోయింది. తుమ్మచెట్లు మునిగాయి, చెత్త మునిగింది. బెస్తవాళ్ళు తెప్పలు దింపారు. కొన్నేళ్ళు అట్లాగే నీళ్ళున్నాయి. ఆపైన ఒక ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోయి ఒడ్డున బురద తేలింది. బాపు పొద్దున నడకకు కట్ట మీదికి పోయేవాడు. ఒక రోజు బురద కాళ్ళతో, చెప్పులతో నేరుగా వంటింట్లోకి వచ్చేశాడు. అమ్మ అరుస్తున్నా వినకుండా సింకులో పెట్టి, తన పళ్ళ బ్రష్షుతోనే ఏదో తోముతున్నాడు.

"ఏమే, ఇటు రా. జల్ది రా. చూడు గిది," అన్నాడు.

చూశాను. మట్టి రంగు పట్టింది గానీ, కాఫీ రంగు మీద ఏటవాలుగా తెల్ల గీత. నేను చేసినదే.

"ఎంత కమాల్ పని చూసినవా! పెచ్చు ఏడికెల్లి ఏడిదాక నడిచిందో చూడు. మొదట్ల మందం ఉంచిండు, ఎందుకు? పట్టుకొనీకి! వేల ఏండ్ల కింద, మన చెరువు కాడ, ఎవడో గాని మొనగాడు." మళ్ళీ వెలుతురులోకి తిప్పాడు. "ఏ చేత్తోని కొట్టిండో చెప్పు చూద్దాం?"

నా జవాబు కోసం ఆగలేదు.

"పుర్రచెయ్యి!" అని చిన్నపిల్లాడిలాగా చప్పట్లు కొట్టాడు. "దెబ్బలన్నీ గా దిక్కుకెల్లి పడ్డయ్. గసుంటి చెయ్యి వెయ్యి మందిల ఒక్కనికి ఉంటది."

అప్పుడే చెప్పేయవచ్చు. చెప్పలేదు. ఎందుకంటే అంత పొగడ్త నా చెవిన పడడం అదే మొదలు, దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. అమ్మకు మాత్రం ఆ రోజే చెప్పాను. అమ్మ బియ్యం చెరుగుతూ విన్నది. చేట ఆపి, "చెప్పకు," అంది. "జర మెత్తగైండు. పొద్దుగాల కూర మంచిగున్నదన్నడు. నాలుగొద్దులన్న గట్ల ఉండనియ్యి."

నిజంగానే మెత్తబడ్డాడు. అమ్మ కాలిలో పెచ్చు దిగితే తనే వంగి తీశాడు. నన్ను "బిడ్డా" అని పిలిచాడు. ఇదంతా ఎప్పుడో చచ్చిపోయిన పుర్రచేతి మొనగాడి పుణ్యం. నేనేమో ప్రతి సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆయన పక్కన కూర్చుని అడిగేదాన్ని: "బాపు, గా రాయిల అంత గొప్పేమున్నది? ఇంకోసారి చెప్పు." ఆయన చెప్పేవాడు. రోజుకొక కొత్త గొప్ప కనిపెట్టేవాడు. ఆ మనిషికి ఓపిక ఎక్కువన్నాడు. రాయిని అర్థం చేసుకున్న మనిషన్నాడు. తన దగ్గర నేర్చుకోవడానికి అట్లాంటివాడు ఒక్కడు వచ్చి ఉంటే బతుకు ధన్యమయ్యేదన్నాడు. నేను అన్నం కలుపుకుంటూ వినేదాన్ని. లోపల లోపల ఎంత హాయిగా ఉండేదో, అంత కసిగానూ ఉండేది. ఒక్క మాటతో ఆయన్ను కూలగొట్టగలనని తెలిసి ఆ మాటను నోట్లోనే చప్పరించాను. ఎవరేమనుకున్నా సరే, నా జీవితంలో మంచి రోజులేవంటే అవే.

కానీ బాపు ఊరుకునే మనిషి కాదు. తను పని చేసిన కాలేజీలో మాట్లాడతానని ఒప్పించాడు. మన దగ్గర వేల ఏళ్ళ కిందట ఉన్న పుర్రచేతి పనివాడి గురించి చెప్తాడట. దానికంటే ముందు చూసి పోవడానికి పట్నం నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన యూనివర్సిటీలో తవ్వకాల పాఠం చెప్పే పెద్దమనిషి. రెండో ఆమె ఆయన దగ్గర పరిశోధన చేసే అమ్మాయి. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, రాయిని ఎర్ర గుడ్డ మీద పెట్టి హాల్లో టేబుల్ మీద ఉంచాడు. నేను చాయ్ పట్టుకుని పోయాను.

పెద్దమనిషి చూసి తల ఊపాడు. అమ్మాయి మాత్రం చిన్న భూతద్దం తీసి చాలాసేపు అంచులు చూసింది. "సార్, ఈ అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. పైన మట్టి రంగు పట్టింది గానీ లోపలికి దిగలేదు," అంది.

"బురదల కూరుకపొయి ఉండె. అందుకే ఖరాబ్ కాలే," అన్నాడు బాపు.

"అట్లా కూడా ఉండొచ్చు. అయినా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఇక్కడ రాయి కొట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"నేనున్న. నా ప్రతి రాయి మీద గుర్తుంటది. షెడ్డుల చూసుకోండ్రి."

"మీరు కాకుండా?"

చాయ్ ట్రే నా చేతుల్లోనే ఉంది. బాపు నా వైపు చూశాడు. మరిచిపోయి చూడకపోతే వేరే సంగతి. సరిగ్గా నా మొహంలోకి చూశాడు.

"ఇంకెవ్వరు లేరు," అన్నాడు.

"మీ అమ్మాయి?" అన్నాడు పెద్దమనిషి, మాటవరసకు.

"దానికేడొస్తది సార్. సూదులు గుచ్చుకునేది," అని నవ్వాడు. ఆయన కూడా మర్యాదకు నవ్వాడు.

అన్నేళ్ళ మెట్లూ, మేడలూ, మేనత్త మాటలూ నేను మింగాను. ఈ "లేరు" మాత్రం దిగలేదు. ట్రే కింద పెట్టాను. "నేను చేసిన," అన్నాను. "గా రేకుల కిందనే చేసిన, బాపు రావిర్యాలకు పెండ్లికి పోయినప్పుడు. చెత్తన్నడు. తీస్కపొయి చెరువుల పారేసిండు."

"దానికి మతి తప్పింది," అన్నాడు బాపు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

వంటింటి తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. చెప్పవద్దని నన్ను ఆపిన మనిషి. వెనకవైపు పోయింది. నీళ్ళ డ్రమ్ము మూత కిందపడిన చప్పుడైంది. కొంగు తడుపుకుంటూ రాయి ముక్కను రెండు చేతులతో మోసుకొచ్చి, ఎర్ర గుడ్డ మీద ధన్‌మని పెట్టింది. కాఫీ రంగు రాయి, తెల్ల గీత. "ఇగ చూస్కో," అంది బాపుతో.

ఆ అమ్మాయి గొడ్డలిని ముక్క పక్కన పెట్టి మెల్లగా తిప్పింది. ఒక చోట తెల్ల గీత ఈ రాయిలోంచి ఆ రాయిలోకి తెగకుండా నడిచింది. పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నేను బాపు మొహమే చూస్తున్నాను. నాకు తెలుసు, ఇప్పుడింక వేరే దారి లేదు. తిట్టనీ, కొట్టనీ, ఆ రాయిని మాత్రం ఇంక కాదనలేడు. తన నోటితో ఇన్ని రోజులు మొనగాడన్నాడు. ఓపికన్నాడు. ధన్యమన్నాడు. ఆ మాటలన్నీ ఇప్పుడు నావి అని మనసులో ఎగిరాను.

బాపు గొడ్డలిని తీసుకున్నాడు. బొటనవేలు పెట్టాడు. అంచు పొడవునా నడిపించాడు, ఎన్నడూ లేనంత నిదానంగా.

"మొదట్ల మందం ఉన్నది," అన్నాడు. "అప్పుడే చెప్పిన నేను."

లేచి కిటికీలోంచి కుప్పలోకి విసిరేశాడు. అది రాళ్ళ మీద పడిన చప్పుడుకు ఆ అమ్మాయి కళ్ళు మూసుకుంది. చాయ్ చల్లారిపోయింది, ఎవరూ తాగలేదు. వాళ్ళు మళ్ళీ వస్తామని చెప్పి కారెక్కారు. ఎందుకు మళ్ళీ రావాలో వాళ్ళకూ తెలియదు, మాకూ తెలియదు.

బీపీ పెరిగింది, మాట్లాడడానికి రాలేనని బాపు కాలేజీకి చెప్పి పంపాడు. ఊళ్ళో అయితే కథ నడిచింది. పట్నం అమ్మాయి ఎవరికో చెప్పిందో, మా మేనత్తే విని అల్లిందో, సారు తన బిడ్డ రాయినే లక్షల ఏళ్ళ కిందటిదన్నాడని డిపో దగ్గర చాయ్ కొట్టులో కూడా చెప్పుకున్నారు. ఆయన నడకకు పోవడం మానేశాడు. అమ్మతో మాట్లాడలేదు, నాతో అసలే లేదు. కూర బాగుందన్న మాట మళ్ళీ వినబడలేదు. అమ్మ ఒక్కసారి నిట్టూర్చి, "మంచిగనే ఉండె గా నాలుగొద్దులు," అంది. అంతకుమించి నన్ను ఏమీ అనలేదు.

నాకు ఆయన మీద జాలి కలగలేదు. కలగాలని కూడా నేను ప్రయత్నం చేయలేదు. కుప్పలోంచి ఆ రాయిని తీసుకోవచ్చు, ఇష్టమొచ్చినట్టు అక్షరం గీసుకోవచ్చు, ఇప్పుడు అడ్డుపడేవాడు లేడు. తీసుకోలేదు. ఒకే రాయి ఎవడిదో అయితే అద్భుతం, నాదైతే చెత్త అని తెలిశాక ఆ గుర్తుకు నా దగ్గర విలువ పోయింది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున షెడ్డులోంచి చప్పుడు వినబడింది. బాపు దెబ్బ నాకు నిద్రలో కూడా తెలుస్తుంది, ఒక తీరుగా, గడియారంలాగా పడుతుంది. ఇది అట్లా లేదు. ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా, మధ్యలో ఆగిపోతోంది. డ్యూటీకి తయారై స్కూటర్ కోసం పెరట్లోకి పోయాను. బాపు రేకుల కింద కూర్చుని ఉన్నాడు. రాయి కుడి తొడ మీద ఉంది. గుండ్రాయి ఎడమచేతిలో ఉంది.

కొడుతున్నాడు. దెబ్బ జారి రాయిని పట్టుకున్న వేళ్ళ మీద పడుతోంది. వేళ్ళకు గుడ్డ చుట్టుకున్నాడు, గుడ్డ ఎర్రగా తడిసింది. చుట్టూ పొడిపొడిగా ముక్కలు, ఒక్క పెచ్చు కూడా నిండుగా లేదు. ఎన్ని రోజుల నుంచి ఇట్లా కొడుతున్నాడో తెలియదు, ముక్కలు మాత్రం పాదాలు మునిగేంత ఉన్నాయి. నన్ను చూసి దాచుకుంటాడనుకున్నాను. దాచలేదు. తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"గుండు ఎట్ల పడ్తవ్? వేళ్ళు ముందటికా, ఎనుకకా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఎందుకంటే ఆయన తనకు తెలియనిది నన్ను అడగడం అదే మొదలు. నోట్లోంచి ఆ మాట రావడానికి ఆయనకు ఎంత కష్టమైందో మెడ నరాలు చూస్తే తెలుస్తోంది.

చెప్పడానికి ఎంతసేపు? వేళ్ళలో ఏమీ లేదు. మోచెయ్యి తొడ మీద ఆనించకూడదు, మణికట్టు వదిలెయ్యాలి. పక్కన కూర్చుని ఒక్క పెచ్చు లేపి చూపిస్తే ఆయనలాంటివాడికి పట్టుబడిపోతుంది. ఆ పొద్దున్నే పట్టుబడేది. నా చెయ్యి దానంతట అది ముందుకు కదిలింది కూడా.

"జర చూపియ్యరాదు, బిడ్డా," అన్నాడు.

"నేను చూపియ్య, బాపు," అన్నాను.

తల ఎత్తి చూశాడు. ఆ చూపు ఇక్కడ రాయను, నాకే ఉంచుకుంటాను. స్కూటర్ బయటికి తీసి గేటు వేశాను. నా వెనకాల చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఇది జరిగి చాలా రోజులైంది. ఆయన ఇంకా రోజూ ఎడమచేత్తోనే కొడుతున్నాడు. ఆ దెబ్బ ఇంకా చేతికి రాలేదు. మళ్ళీ అడగలేదు, నేను చెప్పలేదు.